తుఫాను హెచ్చరిక మా తమ్ముడికి కూడా అందాలి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ అధికారులకు, రెండు జిల్లాల విద్యాశాఖ, విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ అధికారులకు నమస్కారాలతో రాసుకుంటున్న విన్నపం.

ఈ సంక్రాంతి వెళ్ళిన తరువాతి వారంలో మేము ఇరవై ఆరుగురం మైపాడు దగ్గర బయలుదేరి, సముద్రపు ఒడ్డునే ఉత్తరంగా నడిచి, ఏడో రోజు సాయంత్రానికి కొత్తపట్నం చేరుకున్నాము. వంద కిలోమీటర్లకు పైబడిన ఆ దారిలో నడిచినవారిలో పదిహేడు మంది బధిరులు. మిగిలిన తొమ్మిది మందిమి వాళ్ళ తల్లులం, అక్కచెల్లెళ్ళం, స్నేహితులం. మేము పట్టుకున్న గుడ్డ మీద "సంజ్ఞా భాష మా భాష" అన్న ఒక్క మాటే రాయించాము. ఆ నడకలో కళ్ళారా చూసినదీ, అంతకు ముందు మా ఇంట్లో జరిగినదీ మీ ముందు పెట్టి, మీ చేతుల్లో ఉన్న కొన్ని పనులు చేయమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటి రోజునే పెన్న అడ్డం వచ్చింది. ఊటుకూరు దగ్గర నది సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు వేసి పాయ సన్నబడి ఉంది గాని నడిచి దాటే లోతు కాదు. వేటకు వెళ్ళే నాటు పడవను ఒకదాన్ని మాట్లాడుకుని ఎనిమిదేసి మందిమి చొప్పున దాటుతున్నాము. రెండో దఫా వాళ్ళం దిగాక పడవ మోటారు మొరాయించింది. అవతలి గట్టున మిగిలిన వాళ్ళకు ఆ సంగతి చెప్పాలని నేనూ మరో ఇద్దరమూ గొంతు చించుకుని అరిచాము. ఎదురుగాలికీ అలల హోరుకూ మా మాట పది గజాలు కూడా పోలేదు. మా తమ్ముడు నా భుజం తట్టి పక్కకు జరగమని, ఎత్తుగా ఉన్న ఇసుక దిబ్బ ఎక్కి రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. అవతలి నుంచి ఒకమ్మాయి తిరిగి చేతులు ఊపింది. మోటారు ఆగిపోయిందనీ, అరగంట పడుతుందనీ, అందాకా ఎండలో నిలబడకుండా సరుగుడు తోపులోకి వెళ్ళి కూర్చోమనీ, వచ్చేటప్పుడు మందుల సంచి మరిచిపోవద్దనీ రెండు నిమిషాల్లో చెప్పేశాడు. ఆ అమ్మాయి సంచిని పైకెత్తి చూపించి, అందరినీ తోపు వైపు తీసుకుపోయింది. మోటారు విప్పుకుని కూర్చున్న పడవాయన తలెత్తి చూసి, "ఏందమ్మా, అంత దూరాన ఉండేవోళ్ళతో ఇట్ట మాట్లాడేసుకుంటా ఉండారే! సముద్రంలో మేమూ చేతులూపుకుంటాం గానీ, చేప పడింది, పడలేదు, ఇటు రా అనే కాడికే," అన్నాడు.

ఆ పడవాయన ఒక్క చూపులో పట్టుకున్న తేడాను ప్రభుత్వ కార్యాలయాలు ఇంకా పట్టుకోలేదన్నదే నా బాధ. చేప పడిందని చేయి ఊపితే అది సైగ. అరగంట ఆలస్యం, నీడ, మందుల సంచి అన్నీ చెప్పగలిగితే అది భాష. భారతీయ సంజ్ఞా భాషకు దాని వ్యాకరణం దానికి ఉంది. కాలాన్ని తెలిపే మాట సాధారణంగా ముందు వస్తుంది. ప్రశ్న పదమూ, కాదు లేదు అనే పదమూ వాక్యం చివరకు వస్తాయి. "వచ్చావు" అన్న మాటను "వచ్చావా" అని అడగడానికి మనం చివర దీర్ఘం తీస్తాము. ఆ దీర్ఘం చేసే పనిని వాళ్ళకు పైకెత్తిన కనుబొమలు చేస్తాయి. నేను ఇంటరులో ఇంగ్లీషు వ్యాకరణంతో పడిన కష్టం, ముప్పై ఏళ్ళ వయసులో సంజ్ఞా భాష నేర్చుకునేటప్పుడు పడలేదు. తెలుగు వాక్యానికి అలవాటు పడ్డవాళ్ళకు అది అంత పరాయిగా అనిపించదని నా అనుభవం మీద చెప్పగలను.

వాళ్ళతో కలిసి నడవడానికీ ఒక పద్ధతి ఉంది. మనం పక్కపక్కన నడుస్తూ, ముందుకు చూస్తూ మాట్లాడుకుంటాము. బధిరులు మాట్లాడుకోవాలంటే ఒకరినొకరు చూడాలి, అప్పుడు దారి కనబడదు. అందుకని ఇద్దరు మాటల్లో పడితే మూడో మనిషి వాళ్ళ దారి కూడా తనే చూస్తూ, గుంట వస్తే మోచేయి పట్టి తప్పిస్తాడు. ఎవరూ చెప్పకుండానే ఆ మూడో మనిషి మారిపోతూ ఉంటాడు. ఇంట్లోనైతే నేల మీద కాలు తాటించి ఒకరినొకరు పిలుచుకుంటారు. ఇసుకలో ఆ అదురు అందదు గనుక వీపు మీద చిన్న గవ్వ విసిరి పిలుచుకోవడం రెండో రోజుకే అలవాటు చేసుకున్నారు. పొద్దు గూకితే మాత్రం వాళ్ళ మాటలు ఆగిపోయేవి. రామతీర్థం దగ్గర మొదటి రాత్రి కరెంటు పోతే, ఆరు సెల్‌ఫోన్ల దీపాలు ఇసుకలో పాతి పెట్టుకుని, ఆ వెలుగులో చేతులు పెట్టి పదకొండు దాకా కబుర్లు చెప్పుకున్నారు. చీకట్లో వాళ్ళకు భాష ఉండదన్న సంగతి ఇన్నేళ్ళు తమ్ముడితో ఉండి కూడా నేను అంత దగ్గరగా చూడలేదు. తుఫానులు ఎక్కువగా రాత్రిపూటే మన మీదికి వస్తున్నట్టు నాకు అనిపిస్తుంది గనుక దీన్ని గుర్తు పెట్టుకోమని కోరుతున్నాను.

మా తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు. మాది ఇందుకూరుపేట మండలం. ఊళ్ళో వాడికి పెట్టిన పేరు ఉన్నా అందరూ "మూగోడా" అనే పిలిచేవారు. వాడికి వినపడదు కదా అని వాళ్ళ ధీమా, మాకు వినపడుతుంది కదా అని ఎవరూ అనుకోలేదు. ఇంట్లో మేము కల్పించుకున్న సైగలు యాభై దాకా ఉండేవి. ముక్కుపుడక ఉండే చోట వేలు తాకిస్తే అమ్మ. భారతీయ సంజ్ఞా భాషలో ఆడమనిషిని తెలిపే సంజ్ఞ కూడా ఆ ముక్కుపుడక నుంచే వచ్చిందని తరువాత ఎప్పుడో తెలిసి, మా అమ్మ చాలా సంతోషపడింది. ఆ యాభై సైగలతో అన్నం అడగవచ్చు, కడుపునొప్పి అని చెప్పవచ్చు. "నిన్న అయ్యవారు నన్ను ఎందుకు కొట్టాడో నాకు తెలియలేదు" అని చెప్పడం కుదరదు.

అయ్యవారు కొట్టింది చేతులు కదిపినందుకు. వాణ్ని చేర్పించిన బడిలో పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుని, పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవాలి. నోటి ముందు కాగితం ముక్క పెట్టి, అది కదిలేదాకా "ప, ప" అనిపించేవారు. మీరు అద్దం ముందు నిలబడి శబ్దం లేకుండా "పడి, బడి, మడి" అని చూడండి. మూడూ ఒక్కలాగే ఉంటాయి. ఆ మూడింటికీ తేడా తెలియక దెబ్బలు తిన్న పిల్లవాడు ఆరేళ్ళ తరువాత తన పేరు రాయడం మాత్రం నేర్చుకుని ఇంటికి వచ్చాడు. ఈ పద్ధతి ఆ బడివాళ్ళు కనిపెట్టింది కాదు. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో జరిగిన బధిర విద్యా మహాసభలో, బధిర పిల్లల చదువులో సంజ్ఞలు పనికిరావనీ మాటే నేర్పాలనీ తీర్మానం చేశారు; అది దేశదేశాల బడులకు పాకింది. 2010లో వాంకూవర్‌లో కూడిన అదే పరంపర మహాసభ ఆ తీర్మానాన్ని తోసిపుచ్చి విచారం ప్రకటించేసరికి మా తమ్ముడికి పంతొమ్మిదేళ్ళు. సరిగ్గా ఆ సంవత్సరమే వాడు నెల్లూరులో ఆదివారాలు కలుసుకునే బధిర కుర్రాళ్ళ మధ్యకు చేరి, ఆరు నెలల్లో సంజ్ఞా భాష నేర్చుకుని, చిన్నప్పుడు బడిలో ఏమి జరిగిందో మొట్టమొదటిసారి మాకు చెప్పాడు. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

ఇక 2023 డిసెంబరు నాలుగో తేదీ రాత్రి సంగతి. మిచౌంగ్ తుఫాను మరుసటి రోజు బాపట్ల దగ్గర తీరం దాటింది గాని, అంతకు ముందే మన ఒడ్డును ఆనుకుని పైకి కదులుతూ నెల్లూరు జిల్లాను వానలో ముంచింది. తమ్ముడు అప్పటికి ఒక రొయ్యల గుంట దగ్గర కాపలా ఉంటున్నాడు. సాయంత్రం ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పారు. వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపారు. జనాన్ని బడి భవనంలోకి చేర్చారు. చేయవలసినదంతా చేశారు, ఆ సిబ్బందిని నేను తప్పు పట్టడం లేదు. అయితే వాళ్ళు చేసినదంతా చెవికి చేసిందే. ముందు రాత్రంతా ఏరియేటర్లు చూసుకుని అలిసిపోయిన తమ్ముడు కాపలా పాకలో నిద్రపోతున్నాడు. నేను నెల్లూరులో ఉండి వీడియో కాల్ చేద్దామంటే సిగ్నల్ లేదు. రాత్రి పదకొండు గంటలప్పుడు బడిలో తలలు లెక్కపెట్టుకుంటూ మా పక్కింటి మామ వీడు లేడని గమనించి, మోకాటి లోతు నీళ్ళలో టార్చి పట్టుకుని వెళ్ళాడు. చీకట్లో హఠాత్తుగా చెయ్యి పట్టి లాగేసరికి దొంగలనుకుని తమ్ముడు తిరగబడ్డాడు. మామకు సంజ్ఞలు రావు. ఒక చేత్తో వీణ్ని పట్టుకుని, రెండో చేత్తో టార్చిని తెగిపోయిన గట్టు మీద వేసి, నీళ్ళు లోపలికి దూకుతున్న చోటునే చూపిస్తూ నిలబడ్డాడు. అప్పుడు గాని వాడికి అర్థం కాలేదు. మర్నాడు ఉదయం ఆ పాక లేదు.

మా తమ్ముడి ప్రాణం ఒక మనిషి మంచితనం మీద నిలిచింది. ఆ మామకు మేము జన్మంతా రుణపడి ఉంటాము. కాని తీరం పొడవునా ప్రతి బధిరుడికీ అలాంటి పక్కిల్లు ఉంటుందన్న నమ్మకం మీద హెచ్చరికల వ్యవస్థను నడపకూడదు కదా.

ఒక సంగతి మీకు తెలిసినదే, అయినా ఈ కోణం నుంచి చూడమని అడుగుతున్నాను. తుఫాను వస్తోందంటే కృష్ణపట్నం పోర్టులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని పేపర్లలో చదువుతాము. అది శబ్దం కాదు. పగలైతే స్తంభం మీద శంకువులు, గొట్టాల ఆకారాలు, రాత్రయితే ఎర్ర దీపాలూ తెల్ల దీపాలూ. దూరాన ఉన్న ఓడకు కేక వినపడదని, కంటికి కనిపించే హెచ్చరికను మన పెద్దలు ఎప్పుడో ఏర్పాటు చేశారు. ఆ ఆలోచనే ఒడ్డున ఉన్న మనిషికి కూడా చేస్తే చాలు. తీర గ్రామంలో తుఫాను రక్షణ భవనం మీద పగలు జెండా, రాత్రి తిరిగే దీపం పెట్టించండి. విపత్తుల నిర్వహణ సంస్థ ప్రతి హెచ్చరికనూ తెలుగులో విడుదల చేసిన గంటలోపే సంజ్ఞా భాషలో ఒక నిమిషం వీడియోగా విడుదల చేయాలి; చదువు అంతంత మాత్రమైన మా తమ్ముడి లాంటి వాళ్ళకు సెల్‌ఫోనుకు వచ్చే అక్షరాల సందేశం సగమే అందుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, తలుపు తట్టడం. ఏ ఇంట్లో బధిరులు ఉన్నారో మీ దగ్గర ఇప్పటికే జాబితా ఉంది. సచివాలయ సిబ్బంది ఒకటో తేదీన ఇంటికి వచ్చి దివ్యాంగుల పింఛను ఆరు వేలు చేతిలో పెట్టి వెళుతున్నారు. ఆ ఇంటి దారి తెలిసిన మనిషే తుఫాను ముందు రోజు కూడా ఆ గడప తొక్కాలని ఒక్క ఉత్తర్వు చాలు. పింఛను అందని వాళ్ళ విషయం వేరు, వాళ్ళను వెతకాలి.

వెతకాలి అని ఎందుకంటున్నానో చెబుతాను. ఇసకపల్లి, జువ్వలదిన్నె, తుమ్మలపెంట, రామాయపట్నం దాటి ఆరో రోజు పాకలకు ఇవతల ఒక పల్లె దగ్గర అలివి వల లాగుతున్నారు. ఇరవై ముప్పై మంది తాడు పట్టుకుని, పాట అందుకుని, పాట ఊపుకు అడుగు వేస్తూ లాగుతున్న ఆ వరుసలో యాభై ఏళ్ళాయన ఒకాయన తల వంచి ముందున్న మనిషి మడమనే చూస్తున్నాడు. ఆ మడమ ఇసుకలో దిగిన క్షణానికి ఈయన అడుగు దిగుతోంది. మాలో ఒకబ్బాయి చూడగానే గుర్తుపట్టి ఆయన దగ్గరకు పరుగెత్తాడు. వల ఒడ్డుకు చేరాక మా వాళ్ళు పదిహేడు మందీ ఆయన చుట్టూ చేరారు. ఆయనకు సంజ్ఞా భాష రాదు. రాయడం రాదు. తనలాంటి మరో మనిషిని ఆయన అంతకు ముందు చూడలేదని ఆయన వదిన చెప్పింది. మా తమ్ముడు తన చెవి చూపించి లేదన్నట్టు చెయ్యి ఆడించి, పక్కనున్న అమ్మాయి చెవి చూపించి, ఇంకొకరి చెవి చూపించి, పదిహేడో మనిషి దాకా వెళ్ళి, చివరికి ఆయన చెవి వైపు చూపించాడు. ఆయన వాళ్ళందరి ముఖాలూ వరుసగా మళ్ళీ ఒకసారి చూసి, తడి చేతుల్ని లుంగీకి తుడుచుకుని, ఒక్కొక్కరి చెవినీ తాకుతూ వచ్చాడు. ఆ రోజు మేము అనుకున్న చోటికి చేరలేదు, అక్కడే ఆగిపోయాము. ఆయనకు పింఛను లేదు, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టు లేదు.

సదరం గురించి కూడా ఒక మాట. నేను తమ్ముడిని తీసుకువెళ్ళిన ఒక ఆసుపత్రిలో, చెవుడు ఎంతో తేల్చే గది బయట నిలబడి పేర్లు కేకవేసి పిలిచారు. పలకని వాళ్ళ కాగితాలు అడుగుకు పోయాయి. గోడకు ఒక నంబరు బోర్డు పెడితే తీరే ఇబ్బంది అది, ఎవరికీ తోచలేదంతే.

చట్టం లేక కాదు. 2017 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం సంజ్ఞా భాషను భావప్రకటన సాధనంగా గుర్తించింది. సంజ్ఞా భాష వచ్చిన ఉపాధ్యాయులను నియమించమంది. ప్రసారాలలో సంజ్ఞా భాష అనువాదం ఉండాలంది. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం వచ్చింది. ఆ కేంద్రం 2018లో మూడు వేల పదాలతో తెచ్చిన నిఘంటువు 2021 నాటికి పది వేల పదాలకు పెరిగింది. 2020 జాతీయ విద్యా విధానం ఈ భాషను దేశమంతటా ప్రామాణికం చేస్తామంది, ఓపెన్ స్కూలు పదో తరగతి స్థాయిలో దీన్ని ఒక భాషా పాఠ్యాంశంగా పెట్టింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దీనికి చోటు లేదు. బ్రిటన్‌లో 2003లో అక్కడి సంజ్ఞా భాషకు ప్రభుత్వ గుర్తింపు దక్కినా చట్టం రావడానికి 2022 దాకా పట్టింది. షెడ్యూలు మార్చడం మీ చేతిలో లేదు గనుక అది మిమ్మల్ని అడగను. కలెక్టరేటు మీ చేతిలో ఉంది.

ప్రతి సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లోని తిక్కన ప్రాంగణంలోనూ, ఒంగోలు ప్రకాశం భవన్‌లోనూ మీరు ప్రజల అర్జీలు తీసుకుంటారు. జనం తమ భాషలో పాలన పొందాలని 1952లో ఆహారం మాని ప్రాణం విడిచిన మనిషి పేరు పెట్టుకున్న జిల్లా మాది. ఆ జిల్లాలో ఒక బధిరుడు తన అర్జీని తన భాషలో చెప్పుకునే వీలు లేదు. తోడు వచ్చిన అక్కో తమ్ముడో చెప్పినదే అతని మాటగా చెల్లుతుంది. నేను అలాంటి అక్కనే. వాడు చెప్పిన పది మాటలకు నేను నాలుగు చెబుతాను, మిగిలిన ఆరు నాకు అవసరం లేదనిపించి వదిలేస్తాను. ఇది నా తప్పని ఒప్పుకుంటున్నాను. వాడి పెళ్ళి మాటల్లోనూ ఇలాగే చేశాను, దానికి వాడు నాతో ఏడాది మాట్లాడలేదు. అందుకే శిక్షణ పొందిన అనువాదకులు కావాలంటున్నాను. సంజ్ఞా భాష అనువాదానికి డిప్లొమా ఉంది. బధిరులే ఆ భాష నేర్పడానికి వేరే డిప్లొమా ఉంది. సోమవారాలకు ఒక అనువాదకుణ్ని పెట్టి, మిగతా రోజుల్లో అదే మనిషిని ఆసుపత్రులకూ పోలీసు స్టేషన్లకూ వీడియో కాల్‌లో అందుబాటులో ఉంచితే రెండు జిల్లాలకూ పెద్ద ఖర్చేమీ కాదు. తీర మండలాల సచివాలయ సిబ్బందికీ, మెరైన్ పోలీసులకూ, 108 సిబ్బందికీ వంద సంజ్ఞలు నేర్పే పని మా బధిర కుర్రాళ్ళకు జీతమిచ్చి అప్పగించండి. మాతో నడిచినవాళ్ళలో ఆ పని రేపే మొదలుపెట్టగలవాళ్ళు నలుగురు ఉన్నారు. సెప్టెంబరు 23న అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినోత్సవానికి శాలువాలు కప్పే బదులు ఆ శిక్షణ మొదటి తరగతి జరిపించండి.

విద్యాశాఖ వారికీ అంగన్‌వాడీలు చూసే వారికీ ఒక్కటే చెప్పుకుంటాను, ఇది నా దృష్టిలో మిగతా వాటన్నిటికన్నా పెద్దది. చెవిటి పిల్లలు ఎక్కువగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు; అంటే పుట్టిన ఇంట్లోనే వాళ్ళ భాష తెలిసినవాళ్ళు ఉండరు. వినికిడి యంత్రం పెట్టించండి, ఆపరేషను చేయించండి, నేను వద్దనను. కాని అది అందేలోపు, అది పని చేయకపోతే ఆ తరువాత, ఆ బిడ్డకు ఏదో ఒక భాష నిండుగా చెవికో కంటికో అందుతూ ఉండాలి. పల్లెలో అలాంటి బిడ్డ ఉందని తెలిసిన వెంటనే, వారానికి రెండు రోజులు సంజ్ఞా భాష వచ్చిన బధిర యువతిని ఆ ఇంటికి పంపండి. తల్లి కూడా పక్కన కూర్చుని నేర్చుకుంటుంది. మా అమ్మకు ఆ అవకాశం దొరికి ఉంటే పంతొమ్మిదేళ్ళు ఆగవలసిన పని ఉండేది కాదు.

వచ్చే నెల మొదటి సోమవారం మేము తిక్కన ప్రాంగణానికి వస్తున్నాము, ఆ పై సోమవారం ఒంగోలు వస్తాము. అర్జీ మా తమ్ముడే ఇస్తాడు, తనే మాట్లాడతాడు. పాకల దగ్గర కలిసిన పెద్దాయనను కూడా వాళ్ళ వదిన తీసుకువస్తానన్నది. నేనూ వస్తాను గాని ఈసారి వాడి తరఫున మాట్లాడను. అందుకని ఈ ఉత్తరం ముందుగా రాస్తున్నాను. ఆ రెండు రోజులకూ వాడి మాట అర్థమయ్యే మనిషిని ఒకరిని పిలిపించి ఉంచమని ప్రార్థన.

ఇట్లు,
భవదీయురాలు,
ఇందుకూరుపేట మండలం నుంచి ఒక బధిరుడి అక్క